ఇరిటేషన్ అంటే ఒట్టి విసుగేనా?

మన ఇళ్ళల్లో ‘ఇరిటేషన్’ అన్న మాట రోజుకెన్నిసార్లు వినబడుతుందో ఎప్పుడైనా లెక్కపెట్టారా? టిఫిను తినమంటే ఇరిటేషన్, సెల్‌ఫోన్ పక్కన పెట్టమంటే ఇరిటేషన్. మా అమ్మాయైతే “అబ్బా, ఇరిటేట్ చెయ్యకమ్మా” అనకుండా కాలేజీకి వెళ్ళదు. విసుగు, చిరాకు, చికాకు అని మనకి ఇన్ని మాటలుండగా దీన్నెందుకు పట్టుకున్నారా అనిపిస్తుంది. కానీ తేడా ఉందండోయ్! విసిగించాలంటే కాస్త టైము పట్టాలి, అడిగిందే పదిసార్లు అడగాలి. ఇరిటేట్ చెయ్యడానికి ఒక్క మాట చాలు.

ఈ మాట లాటిన్ భాషలోని ‘ఇరిటారె’ నుంచి పుట్టింది. దానర్థం రెచ్చగొట్టడం, కదిలించడం. 16వ శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చినప్పుడూ అదే అర్థం. విసుగు తెప్పించడమన్నది ఆ తర్వాత చేరింది. డాక్టర్లేమో ఒంటి మీద మంటకీ, దురదకీ కూడా ఇదే మాట వాడతారు. పచ్చిమిరపకాయలు తరిగాక చెయ్యి భగ్గుమంటుందే, అదీ ఇరిటేషనే!

ఇంటర్లో బైపీసీ చదివినవాళ్ళకి ఇంకోటి గుర్తుండాలి. బయటనుంచి ఏదైనా తగిలితే ప్రాణమున్నది స్పందిస్తుంది కదా, ఆ గుణాన్ని ‘ఇరిటబిలిటీ’ అంటారు. అత్తిపత్తి ఆకు ముట్టుకోగానే ముడుచుకుంటుంది చూడండి, అదన్నమాట. జగదీశ్ చంద్ర బోస్ గారు మొక్కల ఇరిటబిలిటీ మీద 1913లో ఏకంగా ఓ పుస్తకమే వేశారు. రాయిని రోజంతా తట్టినా ముడుచుకోదు కదా!

నలభై దాటాక మనకి నెలసరి అటూ ఇటూ అవుతుంది, హార్మోన్లు హెచ్చుతగ్గులవుతాయి, రాత్రిళ్ళు సరిగా నిద్ర పట్టదు. అప్పుడు డాక్టరమ్మ చెప్పే లక్షణాల్లో ఈ ఇరిటబిలిటీ ఒకటి. ఇంట్లోవాళ్ళు మాత్రం “అమ్మకి ఈమధ్య ఊరికే కోపమొస్తోంది” అని తేల్చేస్తారు. ఊరికే ఎందుకొస్తుందండీ? అత్తిపత్తి ఊరికే ముడుచుకుంటుందా? ముట్టుకున్న చెయ్యి ఏదో ఎవరూ చూడరు. నిద్రలేని రాత్రి కావచ్చు. థైరాయిడ్ కావచ్చు, అదైతే రక్తపరీక్షలో తెలిసిపోతుంది. నాలుగు రోజులుగా కారుతున్న వంటింటి కుళాయీ కావచ్చు.

ఈ అత్తిపత్తి సంగతంతా మావారికి చెప్తే పేపరు దించి, “అంటే ప్లంబర్ని పిలవమంటావు” అన్నారు. పిలిచారు కూడా.