ఆపిల్ తోటలో భూతద్దం

నార్కండా దాటి థానేదార్ రోడ్డెక్కామో లేదో, రెండు వైపులా ఆపిల్ చెట్లే. లోయ అడుగున సట్లెజ్ నది. సిమ్లా నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. ఈ కోట్‌గఢ్ ప్రాంతంలోనే 1916లో శామ్యూల్ స్టోక్స్ అనే అమెరికన్ రెడ్ డెలిషియస్ మొక్కలు నాటాడు. హిమాచల్ ఆపిల్ సాగు దశ తిరిగింది అక్కడి నుంచే.

నేను వెళ్లింది ఫొటోల కోసం. జూన్ నెలాఖరు. కాయలు ఇంకా చిన్నవే. కానీ కొన్ని చెట్ల ఆకులు ఇత్తడి రంగులోకి తిరిగాయి.

"ఎండ దెబ్బా అంకుల్?" అని మా హోమ్‌స్టే ఓనర్‌ని అడిగా. ఆయన నవ్వి, ఓ ఆకు తిరగేసి నా చేతికి భూతద్దం ఇచ్చారు. ఆకు వెనకాల ఎర్ర చుక్కలు నడుస్తున్నాయి!

అవి ఎర్రనల్లులు. ఎనిమిది కాళ్లుంటాయి, సాలీడుకి చుట్టాలు. ఆకులో రసం పీల్చేస్తాయి. వేసవిలో తరం మీద తరం పుట్టుకొస్తాయి.

"తప్పు నాదే బేటా" అన్నారాయన. ఒకే రకం మందు ఏళ్ల తరబడి కొట్టారట. డబ్బా మీద పేరు మారేది, లోపల మందు మాత్రం అదే. దానికి తట్టుకున్న నల్లులు బతికి పిల్లల్ని పెట్టాయి. నల్లుల్ని తినే చిన్న అక్షింతల పురుగులు మాత్రం చచ్చిపోయాయి.

ఇప్పుడాయన పద్ధతే వేరు. మొగ్గలు పచ్చబడే వేళ, 200 లీటర్ల నీటికి 4 లీటర్ల మినరల్ ఆయిల్ కలిపి కొడతారు. కొమ్మల మీది గుడ్లకు గాలాడకుండా చేస్తుందది. అది విషంలా పనిచేయదు కాబట్టి తట్టుకోవడం నల్లులకు అంత తేలిక కాదు. ఆ తర్వాత ఆకులు లెక్కపెట్టి చూసి, నల్లి మితిమీరితేనే మందు. అదీ ప్రతిసారీ వేరే తీరులో చంపే రకం.

వింటుంటే మా గుంటూరు మిర్చి చేను గుర్తొచ్చింది. 2021లో నల్ల తామర పురుగు పడ్డప్పుడు మేమూ అంతే. షాపువాడు ఏ డబ్బా ఇస్తే అది కొట్టాం. పూత నిలవలేదు, అప్పు మాత్రం నిలిచింది.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి అంతా చెప్పా. కాసేపు మాట్లాడలేదు.

"ఆపిల్స్ సంగతి తర్వాత గానీ, ఆ భూతద్దం ఒకటి పట్రారా" అన్నాడు.