మేల్కొలిపే తాడు, ప్రాణం తీసే తీగ

వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాసి పంపమని హాస్టల్ తమ్ముళ్లు అడిగారు. చదువు గొప్పతనం గురించి, క్రమశిక్షణ గురించి పెద్దలు ఎలాగూ రాస్తారు. మేము చెనక్కాయ చేను కావలి గురించి రాయాలనుకున్నాము. నవ్వకండి. ఈ హాస్టల్లో చదివే పిల్లలు చాలామంది సెలవులకు ఇంటికి పోతే రాత్రిళ్లు పడుకునేది చేనులోనే కదా!

మేము అంటే ముగ్గురం. ఒకడిది హిందూపురం, ఒకడిది పెనుకొండ కొండల కింద పల్లె, ఒకడిది ధర్మవరం. ఆరో తరగతి నుండి ట్రంకు పెట్టెలు పక్కపక్కన పెట్టుకుని పెరిగాము. ఇప్పుడు ముగ్గురమూ పి.జి. చదువుతున్నాము. మా ఇళ్లలో డిగ్రీ పట్టా చూసిన మొదటివాళ్లం మేమే. రాసేది ఒక చెయ్యే అయినా మాట ముగ్గురిదీ.

పెనుకొండ వాడి ఇంటికి రెండెకరాల డి.కె.టి. పట్టా భూమి ఉంది. ఒక పక్క గుట్ట, ఒక పక్క వంక, మిగతా రెండు పక్కలా ఊరివాళ్ల చేలు. అంతా వర్షాధారమే. జూన్, జూలైలో వాన పడితే విత్తడం, అక్టోబరు, నవంబరులో చెట్లు పెరకడం. విత్తనాల అప్పు, అక్క పెళ్లి, మా ఫీజులు అన్నీ ఆ కాయలోనే ఉంటాయి. కాయ గట్టిపడే రోజుల్లో అడవి పందుల గుంపు దిగితే ఒక్క రాత్రిలో చేను దున్నినట్లు అయిపోతుంది. గుట్టల్లో ఎలుగుబంట్లు, చిరుతలు కూడా తిరుగుతాయి. కాబట్టి కావలి ఉన్న మనిషి పంటనే కాదు, తననూ కాపాడుకోవాలి.

వరుసగా రెండేళ్లు పంట పోయాక చిన్నాయన బైండింగు వైరు చుట్ట తెచ్చి గుడిసెలో పెట్టాడు. పక్క చేను బోరు మోటరు కాడి నుండి కరెంటు ఇచ్చి చేను చుట్టూ తీగ లాగితే రాత్రంతా నిద్రపోవచ్చని ఆయన లెక్క. ఆయన చెడ్డవాడు కాదు. అప్పులవాళ్లకు ముఖం చూపలేక అలసిపోయినవాడు.

మేము వద్దన్నాము. మన లైన్లలో వచ్చేది 230 వోల్టుల కరెంటు. మనిషి గుండె మీదుగా 30 మిల్లీ ఆంపియర్లు దాటి పోతే ప్రాణానికే ప్రమాదం. అంటే ఒక ఆంపియరులో వంద భాగాలు చేస్తే మూడు భాగాలు. తడి నేల మీద ఒట్టి కాళ్లతో నిలబడినవాడికి అంతకన్నా ఎక్కువే తగులుతుంది. తీగకు పంది ఎవరో, మనిషి ఎవరో తెలియదు. తెల్లారకముందే చెంబు పట్టుకుని పోయే ఆడవాళ్లు, మేకల వెంట పోయే పిల్లలు, చీకట్లో మోటరు వేయడానికి పోయే రైతులు, అందరూ ఆ గట్ల మీదే నడుస్తారు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇలాంటి చావుల వార్తలు పేపర్లలో చదువుతూనే ఉన్నాము. తాను పెట్టిన తీగకు తానే బలైన రైతులూ ఉన్నారు.

చట్టం సంగతి కూడా చెప్పాము. దొంగ కరెంటుకు 2003 విద్యుత్ చట్టం కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. చిరుత, ఎలుగుబంటి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. అవి తీగకు తగిలి చస్తే అది వేరే కేసు. మనిషి చస్తే ఇక చెప్పేదేముంది?

చిన్నాయన అంతా విని ఒకే మాట అడిగాడు. "సరేరా, పంది రాకుండా చేసే పాఠం మీ చదువులో ఏముందో చెప్పండి."

న్యాయమైన ప్రశ్న. వద్దని చెప్పడం సులభం. వద్దన్నవాడే ఇంకో దారి కూడా చూపించాలి.

అప్పుడు మేము కట్టిందే కావలి తాడు. మా తాతల కాలం నుండి ఉన్నదే. గొర్రెల మందలో పొట్టేలు మెడకు కట్టే గంట చేసే పనీ ఇదే. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనికులు కూడా ముళ్ల తీగలకు ఖాళీ డబ్బాలు వేలాడదీసి రాత్రిళ్లు శత్రువు అలికిడి కనిపెట్టేవారు.

రెండెకరాలు సరిగ్గా చదరంగా ఉంటే చుట్టుకొలత దాదాపు 360 మీటర్లు. అంతా ఒకే తాడుతో కడితే ఒక చివర లాగింది ఇంకో చివరకు అందదు. అందుకని జంతువులు దిగే గుట్ట వైపు, వంక వైపు మాత్రమే తీసుకుని, 30, 40 మీటర్లకు ఒక ముక్కగా కట్టాము. హిందూపురం వాడు వాళ్ల అమ్మ టీ బంకు నుండి ఖాళీ డబ్బాలు గోతాము నిండా తెచ్చాడు. గాలానికి వాడే నైలాన్ దారం కొన్నాము. పాత సైకిలు పుల్లలను ఉంగరాల్లా వంచి గూటాలకు కొట్టి, దారం వాటిలో నుండి సులువుగా జారేలా చేశాము. పందుల కోసం ఒక దారం అడుగున్నర ఎత్తులో, ఎలుగుబంటి లాంటి వాటి కోసం ఇంకొకటి మూడడుగుల ఎత్తులో.

డబ్బాలు దారం పొడవునా వేలాడదీస్తే గాలికే మోగుతాయి. రెండు రాత్రులు గాలికి లేచినవాడు మూడో రాత్రి పందికి లేవడు. అందుకని డబ్బాలన్నీ గుడిసె దగ్గరే పెట్టాము.

ఇక్కడ ధర్మవరం వాడి బుర్ర పనికొచ్చింది. వాడిది నేత ఇల్లు. మరమగ్గాల్లో ప్రతి నిలువు పోగుకూ సన్నని ఇనుప రేకు వేలాడే పద్ధతి ఒకటి ఉంది. పోగు తెగితే రేకు కింద పడి కరెంటు సర్క్యూటు కలుస్తుంది, మగ్గం ఆగిపోతుంది. "పోగు బిగువుగా ఉన్నంతసేపూ నిశ్శబ్దం, తెగితే శబ్దం. మనమూ అట్లే చేద్దాం" అన్నాడు. దారం చివర గులకరాళ్ల డబ్బా కట్టి, గుడిసె వాసం మీదుగా వేలాడదీసి, కింద పాత స్టీలు ప్లేటు పెట్టాము. జంతువు దారాన్ని లాగితే డబ్బా ఎగిరి గలగలమంటుంది. దారం తెగితే డబ్బా వచ్చి ప్లేటు మీద పడుతుంది. ఎలా అయినా మోగాల్సిందే. వంక వైపు దారానికి స్టీలు ప్లేటు బదులు రేకు పెట్టాము. శబ్దం వినగానే ఏ వైపో తెలియాలి.

ఒక ముక్కకు బ్యాటరీ బజరు కూడా పెట్టాము. బట్టలు ఆరేసే క్లిప్పు రెండు పెదవులకూ రాగి తీగ చుట్టి, మధ్యలో ప్లాస్టిక్ స్కేలు ముక్క ఇరికించి, ఆ ముక్కను దారానికి కట్టాము. దారం లాగితే ముక్క ఊడి తీగలు కలుస్తాయి, 9 వోల్టుల బ్యాటరీతో బజరు మోగుతుంది. మోగేదాకా బ్యాటరీ ఖర్చు కాదు. పదో తరగతి ఫిజిక్స్ అంతే.

నాలుగో రాత్రి వంక వైపు రేకు మోగింది. టార్చి వేసి, ప్లేట్లు కొట్టి, గట్టిగా అరిచాము. గుంపు వచ్చిన దారినే వంకలోకి దిగిపోయింది. దగ్గరికి ఎవరమూ పోలేదు. అలికిడి లేకుండా ఎదురుపడితే ఎలుగుబంటి మీదికి వస్తుంది. శబ్దం చేస్తే దానికీ మన జాడ తెలుస్తుంది. దానికి పారిపోయే దారి ఎప్పుడూ వదలాలి.

ఉన్నది ఉన్నట్లు చెప్పాలి. ఈ తాడు పందిని ఆపదు, మనల్ని లేపుతుంది. లేవడానికి మనిషి చేనులో ఉండాలి. పది రోజులకు పందులు శబ్దానికి అలవాటు పడ్డాయి. అప్పుడు దారాల చోటు, డబ్బాలు మార్చాము. వంక మూల కొంత పంట పోయింది. మిగతాది ఇంటికొచ్చింది. సోలారు కంచె అయితే ఇంకా మేలు. అది సెకనుకు ఒకసారి, సెకనులో వందో వంతు కన్నా తక్కువసేపు కరెంటు ఇస్తుంది, ఝాడిస్తుంది గానీ చంపదు. కానీ దాని ఖరీదు రెండెకరాల వాడికి భారమే. నలుగురు రైతులు కలిస్తే వీలవుతుంది.

బైండింగు వైరు చుట్టను చిన్నాయన వృథా చేయలేదు. గూటాలకు ఉంగరాలు కట్టింది ఆ వైరుతోనే.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! పాఠాలు మార్కుల కోసమే కాదు. మీరు ఇంటికి పోయినప్పుడు ఎవరి గుడిసెలోనైనా తీగ చుట్ట కనిపిస్తే ఊరుకోకండి. తిట్టకండి కూడా, వాళ్ల కష్టం నిజం. పక్కన కూర్చుని, మీ క్లాసు పుస్తకంలోని సర్క్యూటు బొమ్మ వేసి చూపించండి. తర్వాత నాలుగు డబ్బాలు తెచ్చి, మీ చేతులతోనే తాడు కట్టి, ఆ రాత్రి వాళ్లతోపాటు కావలి ఉండండి.