పెన్నేటి వెంట సముద్రానికి

మా అనంతపురం జిల్లాలో సముద్రాలకు కొదవ లేదు. బుక్కరాయసముద్రం ఉన్నది. అనంతపురానికి ఆ పేరు అనంతసాగరమనే చెరువును బట్టి వచ్చిందంటారు. చెరువు త్రవ్వించి దానికి సముద్రమని పేరు పెట్టిన విజయనగర కాలపు పెద్దలను చూచి నవ్వనక్కరలేదు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే చోట, నిండిన చెరువు కట్టమీద నిలబడినవాడికి అది సముద్రమే. అయితే అసలు సముద్రాన్ని కళ్ల చూడకుండానే జీవితం వెళ్లబుచ్చినవారు మా వైపు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. తిరుపతికి పదిసార్లు పోయినవారు కూడ కొండ దిగి నేరుగా ఇంటిదారి పడతారు. అక్కడినుంచి తూర్పుగా మరొక వంద కిలోమీటర్లు పోతే సముద్రమన్న సంగతి వారికి తట్టదు. తట్టినా, దేవుడు లేని చోటికి డబ్బు పెట్టి పోవడమెందుకని వారి వాదం.

గార్లదిన్నె అనంతపురానికి ఉత్తరంగా గుత్తి పోయే దారిలో ఉన్నది. హైదరాబాదు–బెంగుళూరు పెద్దరోడ్డూ, రైలుదారీ రెండూ ఇటుగానే పోతవి. రైల్వేవారు స్టేషను పేరు వ్రాసే పసుపుపచ్చ బోర్డుల అడుగున సముద్రమట్టానికి అది ఎంత ఎత్తున ఉన్నదో వ్రాస్తారు. మా ప్రాంతం దాదాపు 1,100 అడుగుల ఎత్తు. చిన్నప్పుడు మా అమ్మాయి ఆ అంకె చదివి, "ఎత్తు సరే, సముద్రం ఎటువైపు నాన్నా?" అని అడిగింది. ఈ ప్రశ్నకు నెల్లూరువాడు తడుముకోకుండా చెయ్యి చూపిస్తాడు. గార్లదిన్నెవాడు రెండు చేతులూ చాచవలసి వస్తుంది.

ఇది హాస్యానికన్న మాట కాదు. మ్యాపు తీసి చూడండి. మా పెద్దరోడ్డును గుత్తి దగ్గర 67వ నంబరు జాతీయ రహదారి అడ్డంగా దాటుతుంది. అక్కడ ఎడమకు తిరిగితే బళ్లారి, హోసపేట, హుబ్లి. ఆ పైన వేరే దారి పట్టి పడమటి కనుమలు దిగితే అంకోలా, గోకర్ణం, అరేబియా సముద్రం. కుడికి తిరిగితే తాడిపత్రి, జమ్మలమడుగు, మైదుకూరు, బద్వేలు, ఆత్మకూరు, నెల్లూరు. ఆ దారి కొస కృష్ణపట్నం రేవు, అంటే బంగాళాఖాతం. కుడివైపు దూరం మూడువందల కిలోమీటర్ల పైచిలుకు, ఎడమవైపు దూరం నాలుగువందలు దాటుతుంది. గుత్తి కోట క్రింద ఒక్క మలుపులో మన సముద్రం ఏదో తేలిపోతుంది.

కిందటి దసరా సెలవులలో మా ఇంట్లో ఈ మలుపు మీదనే సభ జరిగింది. మా ఆవిడ ఓటు గోకర్ణానికి. మహాబలేశ్వరుని దర్శనమూ అవుతుంది, సముద్రమూ చూచినట్లవుతుంది, స్వామికార్యం, స్వకార్యం. ఇంటర్మీడియెట్ చదివే మావాడు గుంతకల్లులో రైలెక్కితే హుబ్లి మీదుగా గోవా దింపుతుందని కాగితం మీద లెక్క వేసి తెచ్చాడు. మా అమ్మాయి విశాఖపట్నమన్నది. ఎనిమిదివందల కిలోమీటర్లకు పైగా ఉన్నదంటే, "ఉంటే ఉండనీ, సినిమాల్లో అదే బాగుంటుంది" అని జవాబు. ఇంతలో అమెరికానుంచి మా బావమరిది ఫోను. "బావా, మీరు మైపాడు, భీమిలి అని లెక్కలు వేసుకొంటూ ఉండండి. మేము క్రిస్మసు సెలవులకు జమైకాలో మాంటెగో బే పోతున్నాం" అన్నాడు. ఫొటోలు పంపాడు. నీళ్లు నెమలికంఠం రంగు, ఇసుక తెల్లగా పంచదార పోసినట్లు. అక్కడి హోటళ్లలో ముందుగా ఒకేమారు డబ్బు కట్టేస్తే చేతికి ఒక పట్టీ కడతారట. ఇక తిండి, తాగుడు, పడవ షికారు అన్నీ అందులోనేనట. పెళ్లివారింట్లో విడిది దొరికినట్లే గదా, అన్నది మా ఆవిడ.

అతడు చెప్పిన మరొక మాట మాత్రం నాకు పనికి వచ్చింది. కరీబియను సముద్రం వైపు జూను 1 నుంచి నవంబరు 30 వరకు తుపానుల కాలంగా లెక్క. అందుకే అక్కడ డిసెంబరు నుంచి ఏప్రిలు వరకు యాత్రికుల రద్దీ, హోటళ్ల ధరలూ అప్పుడే ఎక్కువ. సముద్రపుటొడ్డుకు విహారయాత్ర అనగానే మనం ముందు హోటలు వెదుకుతాము. ముందు వెదకవలసింది నెల. ఈ మాట రుజువు కావడానికి ఎన్నో రోజులు పట్టలేదు. 2025 అక్టోబరు 28న మెలిస్సా అనే తుపాను జమైకా పడమటి భాగాన్ని చావుదెబ్బ కొట్టింది. మాంటెగో బేకు కూడ నష్టం తప్పలేదు. మా బావమరిది ప్రయాణం మానుకొన్నాడు. ఆ రోజు రాత్రే, భూగోళానికి ఈ వైపున, మొంథా తుపాను మన కోస్తాలో నరసాపురం దగ్గర తీరం దాటింది. ఎక్కడి జమైకా, ఎక్కడి నరసాపురం! ఏ సముద్రానికైనా కోపం వచ్చే కాలం ఒకటి ఉంటుంది. పంచాంగంలో దుర్ముహూర్తం చూచుకొనేవాళ్లం ఆ కాలాన్ని చూచుకోవద్దూ?

మన సంగతికి వస్తే, చదువుకొనే పిల్లలున్న ఇంటికి సెలవులు మూడే: దసరా, సంక్రాంతి, వేసవి. వేసవి మాట వదిలేయండి. మే నెలలో నెల్లూరు ఎండ మన ఎండకు అక్క. దానికి తోడు ఉక్క. దసరా వేళకు పడమటి తీరాన నైరుతి వానలు వెనుకబట్టి చెట్టూ గట్టూ పచ్చగా ఉంటవి, కనుక గోకర్ణానికి అది మంచి అదను. అదే దసరాకు తూర్పు తీరాన ఈశాన్య ఋతుపవనం ముంచుకొస్తూ ఉంటుంది. నెల్లూరుకు పెద్ద వానలన్నీ అక్టోబరు, నవంబరు, డిసెంబరులలోనే. 2021 నవంబరు 19న కడప జిల్లాలో చెయ్యేటి మీది అన్నమయ్య ఆనకట్ట తెగింది. ఆ రోజులలోనే పెన్న పొంగి నెల్లూరు పరిసరాలలో రోడ్డు, రైలు రాకపోకలు ఆగిపోయినవి. కనుక దసరాకు ఎడమకు, సంక్రాంతికి కుడికి తిరగాలని నేను తేల్చాను. పొలమున్నవారికి ఇందులో మరొక సౌకర్యం ఉన్నది. దసరానాటికి చెనిక్కాయ పంట పీకడమో, పీకినది ఎండబెట్టడమో ఉంటుంది. సంక్రాంతి వెళ్లినాక గాని మా వైపు రైతుకు నడుము వాల్చే తీరిక దొరకదు.

ఇంత వాదన జరుగుతున్నా మా అమ్మ మాట్లాడలేదు. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. మోకాళ్ల నొప్పులు. ఆమె చూచిన పెద్ద నీళ్లు పెనకచర్ల డ్యాము నీళ్లే. చివరకు మావాడు, "అవ్వా, నీ ఓటు దేనికి?" అని అడిగితే, "మన పెన్నేరు పోయి యాడ కలుస్తుందో ఆ సముద్రం సూపించండి చాలు. పరాయి సముద్రం నాకెందుకు?" అన్నది.

అంతటితో సభ ముగిసింది.

పెన్న పుట్టింది కర్ణాటకంలో నందికొండల దగ్గర. హిందూపురం వైపుగా మన నేలలో అడుగుపెట్టి, ఉత్తరానికి సాగి, పెన్నహోబిలం నరసింహస్వామి పాదాల చెంతగా పోయి తూర్పుకు తిరుగుతుంది. మా మండలంలో పెనకచర్ల దగ్గర మిడ్ పెన్నారు జలాశయం దీనిమీదనే కట్టారు. అయితే అందులో నిలిచే నీళ్లు చాలావరకు పెన్నవి కావు. తుంగభద్ర ఎగువ కాలువ తెచ్చి పోసినవి. ఎరువు తెచ్చుకొన్న నగతో పెళ్లికూతురైనట్లు, పొరుగు నది నీళ్లతో మా యేరు కళకళలాడుతుంది. విద్వాన్ విశ్వంగారు 'పెన్నేటి పాట' వ్రాసింది ఈ యేటి మీదనే. ఆయన పుట్టిన తరిమెల మాకు ఎంతో దూరం కాదు. మొత్తం 597 కిలోమీటర్లు నడచి ఈ యేరు నెల్లూరు దాటి ఊటుకూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. ఆ కలిసే చోటికి దక్షిణంగా కొద్ది దూరంలోనే మైపాడు. నెల్లూరునుంచి పాతిక కిలోమీటర్ల లోపు.

మరొక అదృష్టమేమంటే, గుత్తిలో కుడికి తిరిగిన ఆ రోడ్డు యేటికి తోడుగానే పోతుంది. తాడిపత్రిలో యేటిగట్టునే బుగ్గ రామలింగేశ్వరుని గుడి. నల్లరాతి మీద ఆ చెక్కడపు పని చూడడానికి ఒక పూట కూడ చాలదు. మేము గంటతో సరిపెట్టుకొన్నాము. గండికోట రోడ్డుకు కాస్త ప్రక్కన ఉన్నా విడిచిపోరాదు. మా ఊరి దగ్గర మోకాలి లోతు ఇసుకలో సన్నగా ప్రాకే యేరేనా ఇంత కొండను నిలువునా కోసింది అనిపిస్తుంది. అమ్మ కోటలో ఒక చెట్టునీడన కూర్చుండిపోయి, పిల్లలు వచ్చి చెప్పిన వర్ణన విని సంతోషించింది. బద్వేలు దాటి కొండలు దిగేసరికి నేల రంగు మారుతుంది, కాలువలు, వరిమళ్లు. ఆత్మకూరునుంచి నెల్లూరు దాకా పచ్చదనం చూచి అమ్మ, "వీళ్లకు వాన గురించి మాట్లాడుకొనే పని ఉండదేమో!" అన్నది. ఉంటుందని, వీళ్ల బాధ వాన ఎక్కువైనప్పుడని చెప్పాను. నమ్మలేదు.

వెళ్లదలచినవారికి రెండు మూడు మాటలు. కనుమ నాడు కాకి కూడ కదలదంటారు. మరునాడు మాత్రం లోకమంతా ఒక్కసారే కదులుతుంది. అందుచేత పండుగ రద్దీ తగ్గనిచ్చి, మరి రెండు రోజులు సెలవు కలుపుకొని బయలుదేరాము. అయిదుగురికి బస్సు టిక్కెట్లు చౌకే గాని, మోకాళ్లు పట్టేసే మనిషిని నాలుగు బస్సులెక్కించి దించలేము. బాడుగ కారు పెట్టుకొని, ఆ ఖర్చును తిండిలోనూ బసలోనూ తగ్గించాము. ఓళిగలు, జొన్నరొట్టెలు, చెనిక్కాయ పొడి ఇంటినుంచే. బస నెల్లూరులో. సముద్రపుటొడ్డున గది ఉంటే వైభవమే గాని, సూర్యోదయానికి ముందు నెల్లూరులో బయలుదేరితే గంటలోపు ఇసుకమీద ఉంటారు. తూర్పు సముద్రంలో చూడవలసింది ఉదయమే. ముసలివాళ్లు ఎట్లాగూ తెల్లవారుజామున లేస్తారు, బాధ పిల్లలతోనే.

మూడో మాట గట్టిగా చెప్పవలసినది. మా వైపు మగపిల్లలందరూ బావులలో నడుముకు బెండ్లు కట్టుకొని ఈత నేర్చినవారు. సముద్రంలో భయం వీరిని గురించే. బావి నీళ్లు నిన్ను పట్టుకొని లాగవు. చెరువు నీళ్లు కదలవు. అల మాత్రం ఒడ్డుకు వచ్చిన దారినే తిరిగి పోదు. కొన్ని చోట్ల నీరంతా ఒక పాయగా చేరి లోపలికి గుంజుకుపోతుంది. అక్కడ పైకి అలలు తక్కువగా, నీరు ప్రశాంతంగా కనబడుతుంది గూడ. ఈత రానివాడు మడమలు తడుపుకొని ఆగిపోతాడు. వచ్చినవాడు నమ్మకంతో ముందుకు పోతాడు. మావాడికి బయలుదేరక ముందే షరతు పెట్టాను: మోకాళ్ల దాకానే, అదీ అక్కడి జాలరులను అడిగిన తర్వాతనే. వాడు ముఖం ముడుచుకొన్నాడు. ముడుచుకోనీ. వలలు సర్దుకొంటున్న ఒక పెద్దాయన వాడిని వెంటబెట్టుకొని వెళ్లి, దిగగూడని తావు వేలుపెట్టి చూపించాడు. నా మాట వినని కుర్రవాడు ఆయన మాట విన్నాడు.

నెల్లూరునుంచి మైపాడు దారి వరిమళ్ల మధ్యనుంచి, రొయ్యల గుంటల ప్రక్కగా, సరుగుడు తోటల దాకా సాగుతుంది. మేము చేరేసరికి తూర్పు ఇంకా ఎరుపెక్కలేదు. మొదట చప్పుడు. ఆ చప్పుడేమిటో అమ్మకు అర్థం కాలేదు, "లారీలా?" అని అడిగింది. సరుగుడు చెట్లు దాటినాక నేనూ మా ఆవిడా చెరొక రెక్కా పట్టుకొని ఇసుకలో నడిపించాము. అక్కడినుంచి అవతలి గట్టు కనబడదు. చెరువుకు అలవాటుపడిన కన్ను అవతలి గట్టు కోసం వెదుకుతుంది. ఆమె చాలాసేపు వెదికింది. సూర్యుడు నీళ్లలోనుంచి లేచినప్పుడు పిల్లలు కేరింతలు కొట్టారు. ఆమె దండం పెట్టి, వంగలేక, మనుమరాలిచేత దోసెడు నీళ్లు తెప్పించుకొని తల మీద చల్లుకొన్నది. మన యేరు ఏదని అడిగింది. ఉత్తరంగా చెయ్యి చూపించి, అటు కొద్ది దూరంలో కలుస్తుందన్నాను. నడవలేనని ఆమెకు తెలుసు. అటు చూస్తూ ఇసుకలోనే కూర్చున్నది.

కొంతసేపటికి, "ఇన్ని నీళ్లు పెట్టుకోని మనకింత పంపడానికి దీనికేం మాయరోగం?" అన్నది.

పంపకపోలేదని చెప్పాను. అక్టోబరు, నవంబరులలో మనకు పడే నాలుగు వానలూ దీనివే. పెద్ద వాటా మాత్రం పడమటి సముద్రానిది. అక్కడ లేచిన మబ్బులు కనుమలు ఎక్కేలోపునే చాలావరకు కురిసిపోతవి. మన దాకా వచ్చేది మిగిలినది. ఆ కనుమలలో కురిసిన వానే తుంగభద్రగా వచ్చి, కాలువ ఎక్కి, మన పెనకచర్ల డ్యాములో నిలుస్తున్నది. అమ్మ శ్రద్ధగా విన్నది. పమిట కొంగున అంటిన ఇసుక దులుపుకొని నా చెయ్యి పట్టుకొని లేచింది.

"అయితే దసరాకు దాన్ని అడుగుదాం పద" అన్నది. మా ఆవిడ ముఖం వెలిగిపోయింది.