గోదావరి ఇసుకలో వేణ్ణీళ్ళు

వేణ్ణీళ్ళ బుగ్గలంటే మనవారికి బదరీనాథం గుర్తుకు వస్తుంది. ఇంకాస్త తిరిగినవారికి మణికరణ్. భద్రాచలం వెళ్ళి, సీతారాములను సేవించి, ప్రసాదం పుచ్చుకుని తిరిగి వచ్చేవారిలో ఎందరికి తెలుసు, అక్కడికి అయిదు కిలోమీటర్లలోనే గోదావరి ఇసుకలో వేణ్ణీళ్ళు ఊరుతాయని?

నాతో చదువుకున్న మిత్రుడొకడు చాలా ఏళ్ళుగా అమెరికాలో ఇంజనీరు. పుష్యమాసంలో సెలవు మీద వచ్చినప్పుడు ఈ మాట చెబితే నవ్వాడు. ఎల్లోస్టోన్ చూసినవాడు కదా! అక్కడ 'ఓల్డ్ ఫెయిత్‌ఫుల్' అనే వేడినీటి ధార సుమారు గంటన్నర కొకసారి నూరడుగులకు మించి ఎగజిమ్ముతుంది. జనం బెంచీల మీద కూర్చుని, గడియారాలు చూసుకుంటూ ఎదురు చూస్తారట.

"మీ గుండాలలో ఎంత ఎత్తు లేస్తుందోయ్?" అన్నాడు.

"లేవదు. మనమే వంగాలి," అన్నాను.

తెల్లవారుజామున కొత్తగూడెంలో కారెక్కాము. పాల్వంచ, సారపాక దాటి వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మంచుతెర కప్పుకుని ఉంది. స్వామి దర్శనం చేసుకుని గుండాల దారి పట్టాము. పట్టుమని పది నిమిషాలు కాకుండానే రాష్ట్రం మారిపోయింది. పోలవరం ప్రాజెక్టు కారణంగా 2014లో ఈ చుట్టుపట్ల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. కాబట్టి రాముడు తెలంగాణలో, ఆయన పొరుగున ఉన్న వేణ్ణీళ్ళు ఆంధ్రలో! నేల కింది నీటికి మాత్రం ఈ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు.

గుండాలలో బెంచీలూ లేవు, కటకటాలూ లేవు. వెనక్కు తగ్గిన ఏరు, తడి ఇసుక, దూరంగా బట్టలుతుక్కునే ఇద్దరు ఆడవాళ్ళు. ఒడ్డున కూర్చున్న ముసలమ్మ మా వాలకం కనిపెట్టి, "అక్కడ కాదు నాయనా, ఇటు రండి. చేత్తోనే తవ్వుకోండి," అంది. మోచేతి లోతు తవ్వేసరికి నీరు ఊరింది. ముందు గోరువెచ్చన, ఇంకాస్త తవ్వితే, చలి ఉదయాన స్నానానికి కాచిన కాగులోని నీళ్ళలాగ. అడుగు దూరంలో ఏటినీరు మాత్రం వేళ్ళు కొంకర్లు పోయేంత చల్లన.

చలికాలంలో త్రిమూర్తులు ఇక్కడ స్నానానికి వస్తారని స్థలపురాణం. "దేవుళ్ళయినా చలికి ఓర్వలేరు గదయ్యా!" అని నవ్వింది ముసలమ్మ. వానాకాలంలో నది ఈ చోటును కప్పేస్తుంది. 1986లో భద్రాచలం దగ్గర గోదావరి 75.6 అడుగులకు పొంగింది. అంత నీటి కింద కూడా ఈ పొయ్యి ఆరలేదు.

ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి గుంటలో పాదాలు పెట్టుకున్న మావాడు ఇక లేవలేదు. ఎల్లోస్టోన్ మాట మరి ఎత్తలేదు. ఇక్కడ అగ్నిపర్వతం లేదు గదా, ఈ వేడి ఎక్కడిదని అడిగాను.

"గోదావరి లోయంతా ఏనాడో భూమి పొర చీలి కుంగిన ప్రదేశం. చీలికల వెంట వాననీరు లోతుకు దిగుతుంది. సాధారణంగా కిలోమీటరు లోతుకు పాతిక ముప్ఫయి డిగ్రీల చొప్పున వేడి పెరుగుతుంది. కాగిన నీరు మరో చీలిక పట్టుకుని పైకి వస్తుంది. అంతే," అన్నాడు.

ఆ కుంగిన నేలలోనే పూర్వం అడవులు పూడి బొగ్గయ్యాయి. ఆ బొగ్గు ఊరు మణుగూరు. మధ్యాహ్నానికి అక్కడికి చేరాము. దారి పొడుగునా లారీలు, నల్లని దుమ్ము. మణుగూరు దగ్గర పగిడేరులో, బొగ్గు కోసం వేసిన బోర్లలో వేణ్ణీళ్ళు పడ్డాయి. మోటారు లేకుండానే పైకి ఉబికి వస్తాయి. అడుగున ఒత్తిడి అలాంటిది. ఇంగ్లీషులో దీనికి ఏ పేరున్నా, ఇలా పొంగే ఊటకు మనకు 'బుగ్గ' అనే ముచ్చటైన మాట ఉంది.

ఇక్కడే 2022లో సింగరేణి సంస్థ ఆ వేడితో కరెంటు తీసే ప్రయోగ కేంద్రం నెలకొల్పింది. వేణ్ణీళ్ళ సెగకు, తక్కువ వేడికే మరిగే వేరొక ద్రవం ఆవిరై యంత్రాన్ని తిప్పుతుంది. శక్తి 20 కిలోవాట్లు. అదే ప్రాంతంలోని భద్రాద్రి బొగ్గు విద్యుత్కేంద్రం శక్తి 1,080 మెగావాట్లు. అంటే దీనికి 54,000 రెట్లు! నేను నిట్టూర్చాను. మావాడు తల అడ్డంగా తిప్పాడు. "ఆ లెక్క సగమే. బొగ్గు తవ్వినకొద్దీ తరుగుతుంది. ఈ నీటిని అదుపులో వాడుకుంటే వేడి మళ్ళీ మళ్ళీ వస్తుంది. విచ్చలవిడిగా వదిలేస్తే మాత్రం ఒత్తిడి తగ్గి ఒకనాడు పొంగడం మానేస్తుంది," అన్నాడు.

పక్క పొలం రైతు ఈ మాటలు విన్నాడు. వేణ్ణీళ్ళు తిన్నగా నారుకు పెడితే చచ్చిపోతుందట. అందుకని కాలవలో చుట్టు తిప్పి, చల్లార్చి మడికి పెడతాడు. "పగలు నాకు పనికొస్తాయి సార్. రాత్రి పారేవే వృథా. దీనికో తిప్పుడు బిరడా పెట్టిస్తే చాలు," అన్నాడు.

కోట్ల రూపాయల పథకాల సంగతి పెద్దలు ఆలోచిస్తారు. రైతు అడిగింది బిరడా. మేము కారెక్కేసరికి చీకటి పడింది. కాలవ మీద ఆవిరి తెల్లగా లేస్తోంది. నీళ్ళు అలా పారుతూనే ఉన్నాయి.