అత్తగారి తవ్వ

పూర్వులిచ్చిన సొత్తన్నంతనే మన మనస్సు నగలపెట్టెవైపు పరుగెత్తును. మాయింట అట్టి గౌరవము పొందినది ఒక యిత్తడి తవ్వ.

మాది కోరుకొండ. కొండమీద లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. ఫాల్గుణ శుద్ధ ఏకాదశినాడు కల్యాణోత్సవము లారంభమైనప్పుడు, తీర్థమునకు వచ్చు బంధువులతోను, వారి బంధువులతోను మాయిల్లు నిండిపోయెడిది. ఎసటిలో పోయవలసిన బియ్యమును మా అత్తగారు ఆ తవ్వతోనే కొలిచెడివారు. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. ఈ లెక్క కాపురమునకు వచ్చిన క్రొత్తలో మేము ఆమెయొద్దనే నేర్చితిమి.

లెక్క నేర్చితిమిగాని కొలత నేర్చుటకు కొంతకాలము పట్టినది. ఒకనాడు పొరుగుననున్న కూలిమనిషి తవ్వెడు బియ్యము బదులడిగెను. మేము తవ్వ నింపి, అంచుపై చేయి రాచి, సమముచేసి యిచ్చితిమి. అత్తగారు చూచియు ఆమె యెదుట ఏమియు ననలేదు. ఆమె వెడలినపిమ్మట దోసెడు బియ్యము చెంగున పోసికొని, స్వయముగా ఆ యింటికి పోయి యిచ్చివచ్చిరి. వచ్చి, "అమ్మాయీ! ఇచ్చునప్పుడు గోపురము కట్టి యియ్యవలెను. పుచ్చుకొనునప్పుడు తలకొట్టి పుచ్చుకొనవలెను. మా అత్తగారు ఈ తవ్వతోపాటు నాకప్పగించిన మాట యిదియే" అనిరి. సిగ్గుతో మా తల వంగిపోయినది.

మామగారు ముందే గతించిరి. అత్తగారును గతించినపిదప ఆమె కాసులపేరు పంపకమునకు వచ్చినది. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము తల్లి సొత్తునందు కుమారులకును కుమార్తెలకును సమానభాగమే. అది న్యాయము. కాని మాయింట న్యాయమునకు పంతములు తోడైనవి. అందు మా పంతము తక్కువది కాదని యొప్పుకొనక తప్పదు. కడకు దారము త్రెంచి కాసులు పంచుకొంటిమి. ఆ పూట ఎవరును ఒకరి ప్రక్క నొకరు కూర్చుండి భుజింపలేదు.

మూలనున్న తవ్వ నెవ్వరు నడుగలేదు. ఆ 1956లోనే వచ్చిన మరియొక చట్టముచే మెట్రిక్ కొలతలు ప్రవేశించి, క్రమముగా అంగడిలో దాని పని తీరిపోయినది. అది మాకిమ్మని యడిగితిమి. మా పెద్ద ఆడపడుచుగారు దానిని చేతికందుకొని, చాలసేపు చూచి, పైటచెంగుతో తుడిచి, "అమ్మ చేయి దీనిమీద నున్నది వదినా, జాగ్రత్త" అని కంటతడి పెట్టిరి. తెగిన మాటలు ఆ తవ్వయొద్దనే మరల కలిసినవి.

కావున మేము కోరునది యొక్కటే. ఎవరికేది చెందవలెనో మీరు బ్రదికియుండగనే బిడ్డలను కూర్చుండబెట్టి చెప్పుడు. వస్తువుతోపాటు దాని వెనుకనున్న మాటను గూడ అప్పగింపుడు. మాట లేని బంగారము తూకమునకే వచ్చును.

మొన్న మా మనుమరాలు తవ్వను చూచి, "ఇది యెన్ని గ్రాములు, మామ్మా?" అని యడిగినది. బియ్యపుడబ్బా చూపి నింపుమంటిమి. అది గోపురము కట్టి నింపినది. నాలుగు గింజలు నేల రాలినవి. రాలనిమ్మంటిమి.