రెండో గొళ్ళెం

హైదరాబాద్ జూ పార్కుకి ఎన్నిసార్లు వెళ్ళానో లెక్కలేదు. చిన్నప్పుడు బాపు చెయ్యి పట్టుకుని వెళ్ళాను, పెళ్ళయ్యాక మా ఆయనతో వెళ్ళాను, ఊరి నుంచి ఏ చుట్టం వచ్చినా తీసుకెళ్ళాను. కానీ జూని సరిగ్గా చూసింది మాత్రం మొన్న సంక్రాంతి సెలవుల్లోనే. చూపించింది మా చిన్నాయన.

ఆయన వేరే ఊళ్ళో ఒక జూలో ముప్పై ఏళ్ళు కీపర్‌గా చేసి రిటైరయ్యారు. పండక్కి మా ఇంటికొస్తే, మా ఎనిమిదేళ్ళ చిన్నోడు "తాతా, జూకి పోదాం" అని పట్టుబట్టాడు. "ముప్పై ఏండ్లు అదే చూసిన గదరా" అంటూనే చేతికర్ర అందుకున్నారు.

నెహ్రూ జూలాజికల్ పార్కు తెరిచింది 1963 అక్టోబరు 6న. మీర్ ఆలం చెరువు పక్కన 380 ఎకరాలు. సోమవారం సెలవు. పొద్దున్నే వెళ్తే ఎండ ముదరకముందే సగం చూసేయొచ్చు. మేమూ అలాగే వెళ్ళాం. కాసేపటికి ఒకటి గమనించాను. మేం జంతువుల్ని చూస్తుంటే, చిన్నాయన వాటి వెనకున్న తలుపుల్ని చూస్తున్నారు.

"తలుపులో ఏముంది చిన్నాయనా?" అన్నాను.

"మా బతుకంతా ఆడనే ఉంటది బిడ్డా. ముందుగాల జంతువును లోపలి గదిలకు పంపాలె, గొళ్ళెం పెట్టాలె, తాళమెయ్యాలె. గప్పుడు మనం ఊడ్వనీకి ఇవతల జాగలకు పోవాలె. నేను కొత్తల ఉన్నప్పుడు ఒకరోజు రెండో గొళ్ళెం పెట్టిన అనుకున్న. పెట్టలే."

చొక్కా చెయ్యి పైకి మడిచారు. మోచేతి నుంచి మణికట్టు దాకా తెల్లటి గీత. ఎలుగుబంటి పంజా అట. పక్క కీపర్ బక్కెట్టు వాయిస్తూ అరవకపోతే ఆ రోజే అయిపోయేదట. ఇన్నేళ్ళుగా ఆ గీత చూస్తున్నాను, ఏదో యాక్సిడెంట్ అనుకున్నాను. మా పిన్నికి కూడా అదే చెప్పారట.

"గప్పుడు మాకు నేర్పినోళ్ళెవరు? పాతోడు ఎట్ల చేస్తే కొత్తోడు అట్ల చేసుడే. తర్వాత ట్రైనింగుకు పంపిండ్రు. జంతువుకు ట్రైనింగా, మనకా అని నవ్వుకున్నం. మనకే!"

అక్కడ నేర్చుకున్నవి వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పారు. ఆకలి దప్పిక ఉండొద్దు, ఉండే చోటు ఇబ్బంది పెట్టొద్దు, నొప్పీ రోగం ఉంటే చూసుకోవాలి, భయం ఉండొద్దు, దాని సహజ గుణం చంపొద్దు. ఈ ఐదూ 1979లో బ్రిటన్‌లో పాడి పశువులూ కోళ్ళలాంటి వాటి కోసం రాసుకున్న సూత్రాలు. తర్వాత జూలకీ పాకాయి. మన దేశంలో జూల మీద అజమాయిషీకి సెంట్రల్ జూ అథారిటీ వచ్చింది 1992లో.

సింహాల దగ్గర చెట్టునీడన కూర్చున్నాం. 2021లో కరోనా రెండో వేవ్ అప్పుడు ఇక్కడి ఎనిమిది ఆసియా సింహాలకి పాజిటివ్ అని తేలిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మత్తు ఇచ్చి ముక్కు, గొంతు నుంచి నమూనాలు తీశారు. సీసీఎంబీ వాళ్ళ లాకోన్స్‌లో పరీక్షించారు.

"గొంతుల నుంచి తియ్యాలంటే మత్తు తప్పదు. కానీ రోగమున్న జీవికి మత్తంటే భయమే. రక్తానికైతే ఇంకో దారి ఉంది, చూపిస్తా" అని తాళాల గుత్తికి కట్టుకున్న పాత ఈల తీశారు. ఇంటి నుంచి తెచ్చుకున్న పల్లీల పొట్లం నా దగ్గర లాక్కుని, చేతికర్ర కొనని చిన్నోడి ముందు పెట్టారు. నోటితో ఒక్క మాట చెప్పలేదు.

వాడు బిత్తరచూపులు చూశాడు. ఊరికే కర్ర కొన ముట్టుకున్నాడు. వెంటనే ఈల, ఒక పల్లీ. మళ్ళీ ముట్టుకున్నాడు. ఈల, పల్లీ. ఐదు నిమిషాల్లో కర్ర ఎటు పోతే వాడు అటే.

"గింతే. కర్ర దగ్గర నిలబడుడు వచ్చినంక, తోక కటకటాల సందుల నుంచి ఇచ్చుడు నేర్పుతం. ఒకరోజు ఉత్తగ ముట్టుకుంటం. ఇంకోరోజు స్పిరిట్ దూది రుద్దుతం. మొద్దు సూది ఆనిస్తం. నెలలు పట్టచ్చు. ఆఖరికి సింహం తనంత తానే తోకిచ్చి పండుకుంటది, డాక్టరు రక్తం తీసుకుంటడు. మత్తు లేదు, తాడు లేదు."

ఇంతలో మావాడికి విసుగొచ్చి టాయ్ ట్రైన్ వైపు పరుగెత్తాడు. నేను కేకేయబోతే చిన్నాయన ఆపారు.

"పిలవకు, పోనీ. అసలు పాఠం అదే. ఎల్లిపోయే దారి ఉండాలె. లేకుంటే అది ట్రైనింగ్ కాదు, బలవంతం. ఎల్లిపోయిన జీవిని కొట్టొద్దు, తిండి ఆపొద్దు. రేపు అదే వస్తది."

వాడు నిజంగానే రెండు నిమిషాల్లో వెనక్కొచ్చాడు, పల్లీల కోసం.

ఏనుగుల దగ్గర మాత్రం చిన్నాయన మాట్లాడలేదు. 2023 అక్టోబరులో ఈ జూలోనే ఏనుగు దాడిలో ఒక యువ కీపర్ చనిపోయాడు. ఆ తర్వాతి నెలలోనే విశాఖ జూలో ఎలుగుబంటి దాడిలో మరో కుర్రాడు పోయాడు. చిన్నాయన మోచేతిని నిమురుకుంటూ నిలబడ్డారు.

"ఇప్పుడు చాన చోట్ల ఏనుక్కూ మనిషికీ నడుమ కంచె ఉంచే పని చేస్తుండ్రు. కాలు చూడాలన్నా, గోళ్ళు తియ్యాలన్నా ఏనుగే వచ్చి కంచెల నుంచి కాలిస్తది. మా అసుంటోళ్ళం దాన్ని సొంత బిడ్డ లెక్క సూస్తం గద, ఏం చెయ్యదులే అనుకుంటం. ఆ 'ఏం చెయ్యదులే' అన్నదే తియ్యాలె బిడ్డా మా మనసులకెల్లి. ఒక్కసారి చెప్తే పోదు. ఏటేటా చెప్పాలె."

చివరగా పాముల వైపు వెళ్ళాం. నిద్రపోతున్న కొండచిలువని కదిలిద్దామని చిన్నోడు అద్దం కొట్టబోయాడు. చిన్నప్పుడు నేనూ కొట్టినదాన్నే, బాపు నవ్వేవారు. ఈసారి వాడే ఆగి తాత వైపు చూశాడు.

"దానికి భయమైతది కదా తాతా?"

చిన్నాయన ఏమీ అనలేదు. చిన్నగా ఈల వేసి, పొట్లంలో మిగిలిన ఒక్క పల్లీ వాడి చేతిలో పెట్టారు.

మీరు ఈసారి జూకి వెళ్తే, పులిని చూశాక ఒక్క నిమిషం దాని వెనక తలుపునీ చూడండి. దాన్ని తీసి, వేసి, మళ్ళీ లాగి చూసుకునే మనిషొకరు అక్కడుంటారు. ఎదురైతే ఒక నమస్కారం పెట్టండి.

ఆ రాత్రి మా ఇంటి గేటు గొళ్ళెం నేనే వేశాను. చిన్నాయన లేచొచ్చి, ఒకసారి లాగి చూసి, వెళ్ళి పడుకున్నారు.