3420వ నెంబరు గదిలోని చిట్టా

పిల్లలూ! అమెరికా దేశంలో, పసిఫిక్ మహాసముద్రపు ఒడ్డున లాస్ ఏంజిలిస్ అనే మహానగరం ఉన్నది. సినిమాలకు పేరుపడ్డ హాలీవుడ్ ఉన్నది అక్కడే. అయితే మనం చూడబోయేది హాలీవుడ్ కాదు. ఆ నగరంలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో బోల్టర్ హాల్ అనే భవనం ఉన్నది. అందులో 3420వ నెంబరు గదికి వెళదాం, రండి.

గదిలో బీరువా అంత ఇనప పెట్టె నిలబడి ఉన్నది. రంగు బూడిదరంగు, బరువు 400 కిలోలకు పైమాటే. పైకెత్తటానికి నెత్తిన కొక్కేలు కూడా ఉన్నాయి. దీని పేరు ఇంప్. ఇది 1969 ఆగస్టు చివర ఇక్కడికి చేరింది. మీ ఇంట్లో చిన్న దీపాలతో మినుకుమినుకుమనే రూటరుకు ఇది ముత్తాత అన్నమాట. కంప్యూటరు ఇచ్చిన సందేశాన్ని ముక్కలుగా చేసి, సరి అయిన దారిన పంపటమే దీని పని.

దుకాణంలో చిట్టా రాయటం మీరు చూసే ఉంటారు. ఇంప్ వద్ద పనిచేసేవారు కూడా అలాంటి చిట్టా ఒకటి రాసేవారు. ఏ వేళకు ఏం జరిగిందో అప్పటికప్పుడు, ఒకటి రెండు ముక్కల్లో రాయటం వారి పద్ధతి.

1969 అక్టోబరు 29 రాత్రి చార్లీ క్లైన్ అనే విద్యార్థి ఈ గదిలో కూర్చుని, సుమారు 550 కిలోమీటర్ల దూరాన మెన్లోపార్కులో ఉన్న మరో కంప్యూటరుకు "లాగిన్" అనే మాట పంపబోయాడు. అవతల బిల్ డువాల్ అనే ఆయన టెలిఫోను పట్టుకుని ఉన్నాడు. "ఎల్" వెళ్ళింది. "ఓ" వెళ్ళింది. మూడో అక్షరం పంపేసరికి అవతలి యంత్రం కుప్పకూలింది! దాన్ని సరిచేసి, మళ్ళీ ప్రయత్నిస్తే పని నెరవేరింది. ఇంటర్నెట్టుకు నాంది అదే.

చిట్టాలో ఆ రాత్రి పదిన్నర గంటల వేళకు ఎదురుగా ఉన్నది ఒక్క చిన్న వాక్యం: అవతలి కంప్యూటరుతో మాట్లాడాం అని. ఆ పుటను విశ్వవిద్యాలయం వారు భద్రంగా దాచారు. గదిని కూడా 2011లో పాత రూపానికి తెచ్చారు. అయితే యంత్రం కుప్పకూలిన సంగతి ఆ వాక్యంలో లేదు! అది మనకు తెలిసింది, అక్కడ ఉన్నవారు తరవాత చెప్పటం వల్ల.

ఈనాటి రూటర్లు తమ చిట్టా తామే రాసుకుంటాయి. దాన్ని లాగ్ అంటారు. ఒక్కొక్క వరుసలో వేళ ఉంటుంది, జరిగిన సంగతి ఉంటుంది. సంగతి ఎంత ముఖ్యమో తెలిపే గుర్తు కూడా చాలావాటిలో ఉంటుంది. 1980 తరవాత ఎరిక్ ఆల్‌మన్ అనే అమెరికన్ ఏర్పరచిన పద్ధతిలో ఈ గుర్తులు 0 నుంచి 7 దాకా ఉన్నాయి. అంకె ఎంత చిన్నదైతే ఆపద అంత పెద్దది. 0 అంటే యంత్రం ఇక పనికిరాని స్థితి. 7 అంటే బాగుచేసేవారికి మాత్రమే కావలసిన చిల్లర వివరం.

ఒక్కొక్కప్పుడు చిట్టాలో 1970 జనవరి 1 అనే తేదీ కనిపిస్తుంది. మీ రూటరు అప్పటికి పుట్టనే లేదే! ఇదేం చిత్రం? చాలా రూటర్లలో, కరెంటు లేనప్పుడు కూడా నడిచే గడియారం ఉండదు. కరెంటు రాగానే అవి తమ లెక్క మొదలయ్యే ఆ తేదీనే వేసుకుంటాయి. తరవాత నెట్టులో వేళ అడిగి తెలుసుకుని దిద్దుకుంటాయి. కనక ఆ తేదీ కనిపిస్తే, రూటరు అక్కడ ఆగి మళ్ళీ మొదలైందని గ్రహించాలి.

"లింక్ డౌన్" అని ఉంటే తీగ ద్వారా వచ్చే సంబంధం తెగిందని అర్థం. "లింక్ అప్" అంటే తిరిగి కలిసింది. ఎందుకు తెగిందో మాత్రం రూటరుకు తెలియదు. పిల్లి తీగను లాగిందో, ప్లగ్గు వదులైందో, వీధిలో ఎవరన్నా తవ్వారో! ఆ వరుస చూపించి, "తమ్ముడే పీకేశాడు!" అని నేరం మోపటం న్యాయం కాదు. వెళ్ళి తీగ చూడాలి, తమ్ముణ్ణి అడగాలి.

రాత్రివేళ తప్పు సంకేతపదంతో ఎవరో పదేపదే లోపలికి రాబోయినట్టు చిట్టాలో ఉంటే మటుకు ఆలస్యం చేయక అమ్మకో నాన్నకో చెప్పండి.

ఈసారి మీ ఇంట్లో నెట్టు ఆగిపోతే, పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని రూటరు చిట్టా తెరిపించండి. ముందు వేళ చూడండి. ఆ వేళకు ఇంట్లో ఏం జరిగిందో అందరూ కలిసి గుర్తుచేసుకోండి.